టోర్ బార్ కదిలి ఆగిపోతోందా? బ్రిడ్జ్ మార్చే ముందు ఏది ఆపుతున్నారో చూడండి

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద ఇన్నాళ్లూ పనిచేసిన టోర్ బ్రౌజర్ (ట్రాఫిక్‌ని వాలంటీర్లు నడిపే సర్వర్ల గుండా తిప్పి మీరెవరో దాచే బ్రౌజర్) ఇప్పుడు కనెక్ట్ నొక్కగానే కొంచెం కదిలి ఆగిపోతోంది, టోర్ ప్రాజెక్ట్ సైట్ కూడా తెరుచుకోవడం లేదు, మొబైల్ డేటా మీద మాత్రం రెండూ బాగానే ఉన్నాయి. బ్రౌజర్‌లో ఉన్న ఓబీఎఫ్ఎస్4 (టోర్ ట్రాఫిక్‌ని గుర్తుపట్టకుండా మార్చే పద్ధతి) ఆప్షన్ పెట్టి చూశారు, లాభం లేదు. ప్రొవైడర్‌ని అడిగితే మా వైపు ఏ సమస్యా లేదంటున్నారు. ఇక వీపీఎన్ ఒక్కటే దారా అని మీ ప్రశ్న.

కాదండీ, ఇంకా చాలా దార్లున్నాయి. అయితే ఈ విషయంలో అందరూ చేసే పని ఒకటుంది: కనిపించిన ఆప్షన్లన్నీ వరసగా నొక్కుకుంటూ పోవడం, ఏదో ఒకటి ఎక్కితే హమ్మయ్య అనుకోవడం. అది నాలుగు రోజులు పనిచేసి మళ్లీ ఆగుతుంది, అప్పుడు మళ్లీ టెన్షన్. నేను చాలా ఏళ్లుగా ఈ బ్లాకింగ్ గొడవల్లో జనానికి సాయం చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, ప్రొవైడర్ ఏ దశలో ఆపుతున్నాడో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒక్కో రకం అడ్డుకి ఒక్కో మందు, ఒకదానికి వేయాల్సింది ఇంకోదానికి వేస్తే ఏమీ కాదు.

ముందు చిన్న విషయాలు తేల్చేద్దాం. కంప్యూటర్ గడియారం, తేదీ, టైమ్ జోన్ సరిగ్గా ఉన్నాయా చూడండి. టోర్ నెట్‌వర్క్ తన రిలేల (ట్రాఫిక్‌ని ఒకదాని నుంచి ఇంకోదానికి అందించే సర్వర్ల) జాబితాని గంటకోసారి కొత్తగా తయారు చేస్తుంది, అది కొన్ని గంటలే చెల్లుతుంది, మీ గడియారం తప్పుగా ఉంటే జాబితా పాతదనో భవిష్యత్తుదనో అనుకుని టోర్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. చూడ్డానికి అచ్చం బ్లాక్ చేసినట్టే ఉంటుంది. తర్వాత యాంటీవైరస్, రూటర్‌లో ఉండే సెక్యూరిటీ ఫీచర్, ప్రొవైడర్ అకౌంట్ పేజీలో ఉండే పేరెంటల్ కంట్రోల్ లేదా సేఫ్ బ్రౌజింగ్ లాంటి సెట్టింగ్. చాలామంది ప్రొవైడర్లు దీన్ని తామే ఆన్ చేసి ఇస్తారు, అందులో ప్రాక్సీలు (మధ్యవర్తి సర్వర్లు), అనానిమైజర్లు అనే కేటగిరీ కింద టోర్ కూడా పోతుంది. కస్టమర్ కేర్ వాళ్లకి సమస్య కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, వాళ్ల లెక్కలో అది అడ్డంకి కాదు, మీకు ఇచ్చిన సౌకర్యం. ఆఫ్ చేసి చూడండి. అక్కడితోనే తేలిపోతే మంచిదే.

తేలకపోతే లాగ్ తెరవండి. టోర్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో కనెక్షన్ పేజీకి వెళ్లి అడుగుదాకా దిగితే లాగ్స్ చూసే బటన్ ఉంటుంది. అందులో బూట్‌స్ట్రాప్డ్ అని, పక్కన ఒక శాతం ఉన్న లైన్లు వస్తాయి. ఆ శాతం ఎంత పని అయిందో చెప్పే లెక్క కాదు, ఏ మెట్టు దగ్గర ఉన్నారో చెప్పే గుర్తు. బ్రిడ్జ్ (బ్లాక్‌ని దాటడానికి వాడే, పబ్లిక్ జాబితాలో లేని రిలే) ఏదీ లేకుండా నేరుగా కనెక్ట్ చేస్తున్నప్పుడు 5 దగ్గర ఆగిందంటే రిలేతో మామూలు టీసీపీ కనెక్షన్ కూడా కుదరలేదని అర్థం, అంటే ఐపీ అడ్రస్‌నే ఆపుతున్నారు. 10 దాటి 14 దగ్గర వేలాడుతోందంటే కనెక్షన్ కుదిరింది గానీ హ్యాండ్‌షేక్ (ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకునే మొదటి పలకరింపు) పూర్తి కావడం లేదు, మధ్యలో ఎవరో ప్యాకెట్లు చదివి ఇది టోర్ అని గుర్తుపట్టి తెంపుతున్నారు. 25 దాటి జాబితా దించుకుంటూ, 50 చుట్టుపక్కల గంటల తరబడి నత్తనడక నడుస్తుంటే అది బ్లాక్ కంటే వేగం తగ్గించడమో, మధ్యమధ్యలో ప్యాకెట్లు పారేయడమో అయ్యుంటుంది. 75 దాటితే ప్రొవైడర్ మీద అనుమానం చాలావరకు తీసేయొచ్చు. బ్రిడ్జ్ పెట్టినప్పుడు ఈ లెక్క కొంచెం మారుతుంది, 1, 2 శాతాల దగ్గరే ఆగితే మారువేషం వేసే ప్లగిన్ దగ్గరో, అది బ్రిడ్జ్‌ని చేరడంలోనో సమస్య అని చూసుకోవాలి.

మీ విషయంలో సైట్ తెరుచుకోకపోవడం, టోర్ ఎక్కకపోవడం రెండు వేర్వేరు సంగతులు, కలిపి చూడకండి. సైట్‌ని ఆపడం తేలిక. డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థలో) తప్పు సమాధానం ఇస్తే చాలు. మీరు డీఎన్ఎస్ మార్చుకున్నా, ఎన్‌క్రిప్ట్ చేసిన డీఎన్ఎస్ పెట్టుకున్నా, హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైట్ పేరు చాలావరకు బాహాటంగానే వెళ్తుంది కాబట్టి అక్కడ పట్టుకుని తెంపొచ్చు. కానీ టోర్ నడవడానికి ఆ సైట్ అక్కర్లేదు, మీ దగ్గర బ్రౌజర్ ఇప్పటికే ఉంది. సైట్ గురించి వగచడం మానేయండి.

టోర్‌ని ఆపడం ఎందుకు అంత సులువో కూడా చెప్పాలి. టోర్ రిలేల జాబితా పబ్లిక్, వేల రిలేల ఐపీ అడ్రస్‌లూ పోర్టులూ అందులో ఉంటాయి, ఎవరైనా దించుకోవచ్చు. అది లోపం కాదు, అందరికీ ఒకే జాబితా కనిపించడం వల్లే ఎవరూ మీ ఒక్కరికి తప్పుడు రిలేలు అంటగట్టలేరు. ఆ నిజాయితీకి మూల్యం ఏమిటంటే ప్రొవైడర్ కూడా అదే జాబితా దించుకుని ఫైర్‌వాల్‌లో పెట్టేయగలడు. 2009లో చైనా చేసింది ఇదే. ఇలాంటిది వస్తుందని ముందే ఊహించి చేసినవే బ్రిడ్జ్‌లు. బ్రిడ్జ్ అంటే ఆ జాబితాలోకి ఎక్కించని రిలే, అంతే. మీ మొదటి అడుగు దాని మీద పడుతుంది, ఆ తర్వాత అంతా మామూలు టోరే.

ఇక మీరు పెట్టిన ఓబీఎఫ్ఎస్4 ఎందుకు పనిచేయలేదో చూద్దాం. బ్రౌజర్‌లో బిల్ట్ ఇన్ బ్రిడ్జ్‌లు అని కనిపించేవి సోర్స్ కోడ్‌తో పాటే వస్తాయి, ప్రపంచంలో అందరికీ అవే. మీకు దొరికినవి ప్రొవైడర్‌కి దొరకవా? ఐపీ బ్లాక్ చేసే ఉద్దేశం కాస్తయినా ఉన్నవాడు మొదటిరోజే వాటిని కలిపేస్తాడు. కాబట్టి మీరు ఓబీఎఫ్ఎస్4 ఓడిపోయిందనుకున్నారు గానీ, నిజానికి ఓడింది అందరికీ తెలిసిన ఆ కొన్ని అడ్రస్‌లు మాత్రమే. మీకంటూ వేరే బ్రిడ్జ్‌లు అడిగి తెచ్చుకుంటే కథ మారే అవకాశం బాగా ఉంది.

అడిగే దార్లు మూడు నాలుగు. బ్రౌజర్ కనెక్షన్ పేజీలోనే బ్రిడ్జ్ అడిగే బటన్ ఉంది, బొమ్మలోని అక్షరాలు టైప్ చేయమంటుంది, ఇస్తుంది. ఆ అభ్యర్థన కూడా మారువేషంలోనే వెళ్తుంది కాబట్టి సైట్ బ్లాక్ అయినా చాలాచోట్ల ఇది పనిచేస్తుంది. లేదంటే బ్రిడ్జెస్ ఎట్ టోర్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌కి మెయిల్ చేయండి, కాకపోతే జీమెయిల్ నుంచో రైజప్ నుంచో మాత్రమే పంపాలి, మిగతా మెయిల్ సర్వీసుల నుంచి వచ్చినవాటికి జవాబివ్వరు. వందల దొంగ అకౌంట్లు తెరిచి బ్రిడ్జ్‌లన్నీ ఊడ్చేసే వాళ్లని అడ్డుకోవడానికే ఈ షరతు. టెలిగ్రామ్ వాడేవాళ్లయితే గెట్‌బ్రిడ్జెస్‌బాట్ అనే బాట్ ఉంది. అన్నిటికంటే మంచిది, మీకు నమ్మకమున్న వాళ్లు ఎవరైనా బయట సర్వర్ మీద బ్రిడ్జ్ నడిపి, దాన్ని ఏ పంపిణీ జాబితాలోకీ ఇవ్వకుండా మీకు మాత్రమే ఆ లైన్ ఇవ్వడం. అలాంటివి చాలాకాలం నిలబడతాయి, కారణం తెలిసినవాళ్లు తక్కువ కావడమే.

బ్రిడ్జ్ లైన్ కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. అందులో ఐపీ, పోర్టు, నలభై అక్షరాల వేలిముద్ర, ఆ తర్వాత సర్ట్ అనే పొడుగాటి భాగం ఉంటాయి. చాట్ యాప్‌లో పంపుకున్నప్పుడు లైన్ రెండుగా విరిగినా, చివర్లో ఒక్క అక్షరం పోయినా పనిచేయదు, పైగా లాగ్‌లో అది బ్లాక్ చేసినట్టే కనిపిస్తుంది. ఓబీఎఫ్ఎస్4 బ్రిడ్జ్ బతికే ఉందా, మీ ప్రొవైడరే ఆపుతున్నాడా అన్నది తేల్చుకోవడానికి మీకు మంచి సాధనం చేతిలోనే ఉంది: అదే లైన్‌ని మొబైల్ డేటా మీద పెట్టి చూడండి. అక్కడ ఎక్కి ఇక్కడ ఎక్కకపోతే బ్లాక్, రెండుచోట్లా ఎక్కకపోతే బ్రిడ్జ్ పోయినట్టు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా వారాల తరబడి చచ్చిన బ్రిడ్జ్‌తో కుస్తీ పట్టేవాళ్లని చాలామందిని చూశాను.

ఓబీఎఫ్ఎస్4 చేసే పని ఏమిటంటే ట్రాఫిక్ మొత్తాన్ని ఏ ప్రోటోకాల్‌లానూ కనిపించని అర్థంలేని బైట్లుగా మార్చడం. దానికి ముందు వచ్చిన పద్ధతుల్లో ఒక బలహీనత ఉండేది. 2012 నాటికే చైనా ఫైర్‌వాల్ అనుమానం వచ్చిన ప్రతి అడ్రస్‌కీ తనే వెళ్లి, టోర్ భాషలో పలకరించి, అవతలివాడు అదే భాషలో బదులిస్తే వెంటనే బ్లాక్ చేసేది. ఓబీఎఫ్ఎస్4లో ఆ సర్ట్ భాగం తెలియనివాడు ఎంత పలకరించినా బ్రిడ్జ్ నోరు విప్పదు. అందుకే మామూలు స్థాయి ప్రొవైడర్ల దగ్గర ఇది ఇప్పటికీ నా మొదటి ఎంపిక, వేగం కూడా బాగుంటుంది.

దీనికీ హద్దుంది. దేనిలానూ కనిపించకపోవడం కూడా ఒక గుర్తే కదా. 2021 నవంబర్ నుంచి చైనా ఇలాంటి ట్రాఫిక్‌ని పట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటి ప్యాకెట్‌లో చదవగలిగే అక్షరాలు లేకపోతే, ఒకట్లూ సున్నాలూ దాదాపు సమానంగా చల్లినట్టు ఉంటే, తెలిసిన ప్రోటోకాల్ ఏదీ కాకపోతే ఆపేయడం. అలాగని ప్రతి కనెక్షన్ మీదా కాదు, ఎక్కువగా ప్రాక్సీలు ఉండే కొన్ని డేటా సెంటర్ల ఐపీల మీద. ఇలాంటి చోట అర్థంలేని శబ్దంలా కాకుండా మామూలు వెబ్ ట్రాఫిక్‌లా కనిపించేది కావాలి.

అది వెబ్‌టన్నెల్. టోర్ ప్రాజెక్ట్ 2024 మార్చిలో దీన్ని అధికారికంగా ప్రకటించింది. బ్రిడ్జ్ నడిపేవాళ్లు నిజమైన డొమైన్, నిజమైన వెబ్‌సైట్, నిజమైన సర్టిఫికెట్ పెట్టుకుంటారు, ఆ సైట్‌లో ఒక రహస్య చిరునామాకి వెళ్తే తప్ప బ్రిడ్జ్ బయటపడదు. మధ్యలో చూసేవాడికి మీరు ఏదో చిన్న హెచ్‌టీటీపీఎస్ సైట్ చూస్తున్నట్టుంటుంది, అనుమానంతో వాడు ఆ డొమైన్ తెరిచినా మామూలు పేజీయే కనిపిస్తుంది. ఓబీఎఫ్ఎస్4 ప్రైవేట్ బ్రిడ్జ్ కూడా మీ దగ్గర ఆగిందంటే తర్వాత వెళ్లాల్సింది దీనికే. బ్రిడ్జ్ అడిగేచోటే ఈ రకం కూడా అడగొచ్చు. ఒక చిన్న విషయం, వెబ్‌టన్నెల్ లైన్ మొదట్లో కనిపించే ఐపీవీ6 అడ్రస్ నిజమైనది కాదు, ఖాళీ పూడ్చడానికి పెట్టింది, అసలు అడ్రస్ తర్వాత వచ్చే లింక్‌లో ఉంటుంది. అది పింగ్ అవ్వట్లేదని బెంబేలు పడకండి. డొమైన్, వెబ్ సర్వర్ కావాలి కాబట్టి వీటిని నడిపేవాళ్లు తక్కువ, 2024 చివర్లో రష్యాలో బ్లాకింగ్ ముదిరినప్పుడు కొత్తగా 200 వెబ్‌టన్నెల్ బ్రిడ్జ్‌లు కావాలని టోర్ ప్రాజెక్ట్ వాళ్లు బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

స్నోఫ్లేక్ సంగతి వేరు. ఇక్కడ బ్రిడ్జ్ అడ్రస్ అంటూ మీరు దాచుకోవాల్సింది ఏదీ లేదు. ప్రపంచంలో ఎవరో ఒకరు తమ బ్రౌజర్‌లో ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటారు, వాళ్ల కంప్యూటర్ మీకు కాసేపు ప్రాక్సీ అవుతుంది, వాళ్లు బ్రౌజర్ మూసేస్తే ఇంకొకరు దొరుకుతారు. అడ్రస్‌లు నిమిషాల మీద మారిపోతుంటే జాబితా రాసుకుని ఆపడం ఎవరి తరం? ట్రాఫిక్ వీడియో కాల్స్ వాడే వెబ్‌ఆర్‌టీసీలా కనిపిస్తుంది. 2021 జూలైలో వచ్చిన టోర్ బ్రౌజర్ 10.5 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, ఏమీ అడిగి తెచ్చుకోనక్కర్లేదు, ఎంచుకుని కనెక్ట్ నొక్కడమే. అందుకే మీరు ఈ రాత్రికే పరీక్షించగలిగేది ఇది. 2022 సెప్టెంబర్‌లో ఇరాన్‌లో నిరసనల సమయంలో జనం పెద్దఎత్తున దీని మీదే ఆధారపడ్డారు.

కానీ దీనికి యూడీపీ (వీడియో కాల్స్ లాంటివి ఎక్కువగా వాడే ట్రాఫిక్ రకం) కావాలి. ఆఫీసు, కాలేజీ నెట్‌వర్క్‌ల్లో యూడీపీ మూసేసి 80, 443 పోర్టులు మాత్రమే వదులుతారు, అలాంటిచోట స్నోఫ్లేక్ ఎంతసేపు తిరిగినా కుదరదు, అది మిమ్మల్ని ప్రత్యేకంగా ఆపినట్టు కాదు. అక్కడ 443 పోర్టు మీద ఉన్న ఓబీఎఫ్ఎస్4 బ్రిడ్జ్‌నో వెబ్‌టన్నెల్‌నో పట్టుకోవాలి. వేగం కూడా దొరికిన వాలంటీర్ కనెక్షన్‌ని బట్టి ఉంటుంది, మరీ నెమ్మదిగా ఉంటే తెంపి మళ్లీ కనెక్ట్ అవ్వండి, వేరే ప్రాక్సీ వస్తుంది.

మీక్ అనేది కూడా జాబితాలో కనిపిస్తుంది. పెద్ద క్లౌడ్ కంపెనీ డొమైన్ వెనక దాక్కునే పద్ధతి ఇది, బయటికి ఒక పేరు, ఎన్‌క్రిప్షన్ లోపల ఇంకో పేరు. 2018లో గూగుల్, అమెజాన్ తమ దగ్గర ఈ దారి మూసేశాయి, మిగిలినచోట నడపడం ఖర్చు. చాలా నెమ్మది. ఏదీ పనిచేయనప్పుడు చివరి దారిగా ఉంచుకోండి, అంతకంటే ఏం చెప్పను.

ఇవన్నీ చదివి ఏదో ఒకటి శాశ్వతంగా పనిచేస్తుందని అనుకోవద్దని కూడా చెప్పాలి. చాలా చిన్న ఆనవాళ్లతో పట్టుకుంటారు. 2011 సెప్టెంబర్‌లో ఇరాన్ టోర్‌ని పట్టింది దేనితోనంటే, టోర్ వాడే సర్టిఫికెట్ల గడువు రెండు గంటలే ఉండేది, మామూలు సైట్లవి నెలలూ ఏళ్లూ ఉంటాయి. అంత చిన్న తేడా. టోర్ వాళ్లు అదే రోజు సరిచేసి కొత్త వెర్షన్ విడుదల చేశారు. 2021 డిసెంబర్‌లో రష్యా స్నోఫ్లేక్‌ని పట్టుకున్నదీ హ్యాండ్‌షేక్‌లో మామూలు బ్రౌజర్లు పంపని ఒక చిన్న ఫీల్డ్ ఆధారంగానే, అదీ తర్వాతి వెర్షన్లలో తీసేశారు. ఇందులోంచి మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, టోర్ బ్రౌజర్ అప్‌డేట్‌ని వాయిదా వేయకండి. నిన్న పనిచేసి ఇవాళ ఆగిన స్నోఫ్లేక్‌కి చాలాసార్లు విరుగుడు అప్‌డేట్‌లోనే ఉంటుంది. పాత వెర్షన్‌తో తంటాలు పడుతూ బ్రిడ్జ్‌లు మార్చడం వృథా.

అప్‌డేట్ ఎలా దించుకోవాలి, సైట్ బ్లాక్ కదా అంటారేమో. ఒకసారి ఎలాగోలా కనెక్ట్ అయితే బ్రౌజర్ తనంతట తానే టోర్ గుండా దించుకుంటుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే గెట్‌టోర్ ఎట్ టోర్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌కి మెయిల్‌లో మీ ఆపరేటింగ్ సిస్టమ్ పేరు రాసి పంపితే, గిట్‌హబ్ లాంటి చోట్ల ఉన్న కాపీల లింక్‌లు పంపుతారు. ఇది గట్టిగా చెబుతున్నాను: వీడియోల కింద, చాట్ గ్రూపుల్లో దొరికే ఇన్‌స్టాలర్లు ముట్టుకోకండి. ఒక యూట్యూబ్ చానెల్ కింద లింక్ పెట్టి పంచిన నకిలీ టోర్ బ్రౌజర్ గురించి కాస్పర్‌స్కీ 2022 అక్టోబర్‌లో బయటపెట్టింది, అది వాడేవాళ్ల బ్రౌజింగ్ హిస్టరీని దాచి పంపించేది. టోర్ సైట్ బ్లాక్ అయిన చోటే ఇలాంటి ఉచ్చులు బాగా పనిచేస్తాయి, అధికారిక దారి మూసుకుపోయినప్పుడు జనం దొరికిందల్లా దించుకుంటారు కాబట్టి. సంతకం ఫైల్ కూడా దించుకుని, టోర్ బ్రౌజర్ డెవలపర్ల కీతో సరిచూసుకోవడం నేర్చుకోండి, ఒకసారి చేస్తే అలవాటైపోతుంది.

ఇప్పుడు వీపీఎన్. వీపీఎన్ వేసి దాని లోపల టోర్ నడిపితే ప్రొవైడర్‌కి వీపీఎన్ మాత్రమే కనిపిస్తుంది, టోర్ ఎక్కుతుంది. పనిచేస్తుంది, కాదనను. కాకపోతే ఇంతకు ముందు ప్రొవైడర్‌కి తెలిసేది ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది: మీ అసలు ఐపీ, మీరు టోర్ వాడుతున్న సంగతి, డబ్బు కట్టి ఉంటే మీ పేరు కూడా. టోర్ లోపల మీరేం చేస్తున్నారో వాళ్లకి కనిపించదు, అది నిజం. మీ ప్రొవైడర్‌కంటే ఆ కంపెనీని ఎక్కువ నమ్ముతారా అన్నది మీరే తేల్చుకోవాలి. టోర్ కోసమే అయితే నేను బ్రిడ్జ్‌కే ఓటు వేస్తాను. టోర్‌ని ఆపే ప్రొవైడర్లు తెలిసిన వీపీఎన్ ప్రోటోకాల్స్‌ని కూడా ఆపడం మామూలే. ఉచిత వీపీఎన్‌ల గురించి మాట్లాడను కూడా, వద్దు.

ఇంతవరకూ కనెక్ట్ అవ్వడం గురించే మాట్లాడాం. మీ ప్రశ్నలో లేనిది, కానీ నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఒకటుంది. బ్లాక్‌ని దాటడం వేరు, టోర్ వాడుతున్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండడం వేరు. బ్రిడ్జ్‌లు మొదటిదాని కోసం చేసినవి. రెండోదానికి కొంత పనికొస్తాయి గానీ పూర్తి హామీ లేదు. మీరు ఇప్పటికే చాలాసార్లు నేరుగా కనెక్ట్ అవ్వాలని ప్రయత్నించారు, అంటే మీ ప్రొవైడర్ లాగ్స్ దాచుకునే రకమైతే మీ లైన్ నుంచి పబ్లిక్ రిలేలకి వెళ్లిన ప్రయత్నాలు అందులో ఉంటాయి. తర్వాత బ్రిడ్జ్ పెట్టినా ఆ పాత వరస చెరిగిపోదు. ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ: 2013 డిసెంబర్‌లో హార్వర్డ్‌లో పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టోర్ గుండా ఉత్తుత్తి బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. అతన్ని పట్టుకోవడానికి టోర్‌ని ఛేదించాల్సిన అవసరమే రాలేదు, ఆ సమయంలో క్యాంపస్ వైఫై మీద టోర్ వాడింది ఎవరెవరో చూసి ప్రశ్నిస్తే సరిపోయింది. అతను చేసింది నేరం, పట్టుకోవడం సబబే. కానీ అదే లెక్క ఒక విలేకరికి సమాచారం ఇచ్చే ఉద్యోగి మీద కూడా పనిచేస్తుంది, ఆ నెట్‌వర్క్‌లో టోర్ వాడేది వాళ్లొక్కరే అయితే.

కాబట్టి మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ప్రొవైడర్ ఆపడం వల్ల చిరాకు మాత్రమేనా, లేక టోర్ వాడినట్టు తెలిస్తే మీకు నిజంగా ప్రమాదమా? చిరాకు మాత్రమే అయితే పైన చెప్పినవి నిశ్చింతగా ప్రయత్నించండి. ప్రమాదం ఉన్న చోటైతే ప్రయోగాలు వద్దు. ఒకదాని తర్వాత ఒకటి అన్ని రకాలూ నొక్కి చూడడం అంటే మీ లైన్ మీద అన్ని రకాల ఆనవాళ్లూ వదలడమే. ఇంకొకరి ద్వారా తెచ్చుకున్న ఒకే ఒక ప్రైవేట్ వెబ్‌టన్నెల్ బ్రిడ్జ్‌తో, మొదటిసారి నుంచీ దానితోనే మొదలుపెట్టాలి. మీరున్న చోట చట్టం ఏమంటోందో ముందే తెలుసుకోండి, చాలా దేశాల్లో టోర్ వాడడం నేరం కాదు గానీ అన్నిచోట్లా అలా లేదు. ఊనీ ప్రోబ్ అనే యాప్‌తో మీ నెట్‌వర్క్‌లో టోర్ ఆపుతున్నారో లేదో కొలవొచ్చు, మంచి సాధనం, కానీ దాని ఫలితాలు మీ ప్రొవైడర్ పేరుతో సహా బహిరంగంగా ప్రచురితమవుతాయి, అది కూడా ఆలోచించుకునే నడపండి.

ఫోన్ మీద అయితే ఆండ్రాయిడ్‌కి టోర్ బ్రౌజర్ ఉంది, ఐఫోన్‌లో ఆనియన్ బ్రౌజర్, బ్రిడ్జ్ సెట్టింగ్స్ రెండిట్లోనూ దొరుకుతాయి. ఆర్‌బాట్ పెట్టుకుంటే మిగతా యాప్‌లని కూడా టోర్ గుండా పంపొచ్చు. కానీ మీ పేరుతో లాగిన్ అయిన యాప్‌ని టోర్ గుండా పంపితే బ్లాక్ దాటడమే జరుగుతుంది, మీరెవరో ఆ యాప్‌కి తెలుస్తూనే ఉంటుంది.

ఐ2పీ (టోర్ లాంటి ఇంకో అజ్ఞాత నెట్‌వర్క్) వాడేవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. అక్కడ టోర్‌లా కేంద్ర జాబితా లేదు, మొదటిసారి కొందరు తోటివాళ్ల అడ్రస్‌లు రీసీడ్ సర్వర్ల నుంచి తెచ్చుకుంటుంది. ప్రొవైడర్లు తేలిగ్గా ఆపగలిగేది ఆ రీసీడ్ సర్వర్లనే. విరుగుడు: ఐ2పీ ఇప్పటికే నడుస్తున్నవాళ్ల దగ్గర రీసీడ్ ఫైల్ తయారు చేయించుకుని, రూటర్ కన్సోల్‌లో చేత్తో ఎక్కించడం. ఒకసారి లోపలికి వెళ్తే తర్వాత తోటివాళ్లే కొత్త అడ్రస్‌లు ఇస్తుంటారు.

ఇంకో తికమక. టోర్ వంద శాతం కనెక్ట్ అయ్యాక ఏదో ఒక వెబ్‌సైట్ మిమ్మల్ని రానివ్వకపోతే, మాటిమాటికీ క్యాప్చా అడుగుతుంటే, అది మీ ప్రొవైడర్ పని కాదు, ఆ సైట్ టోర్ ఎగ్జిట్‌లని (ట్రాఫిక్ బయటికి వచ్చే చివరి రిలేలని) ఆపుతోంది. బ్రిడ్జ్ మార్చితే లాభం ఉండదు, బ్రిడ్జ్ మీ వైపు కొసలో ఉంటుంది, సైట్ చూసేది అవతలి కొసని. ఆ సైట్‌కి కొత్త సర్క్యూట్ (వేరే రిలేల దారి) తీసుకుని చూడండి. అలాగే ఇంటర్నెట్ మొత్తం తెంపేసిన రోజున, 2011 జనవరిలో ఈజిప్ట్‌లో చేసినట్టు, ఏ బ్రిడ్జూ పనిచేయదు, దాటడానికి అక్కడ నెట్‌వర్కే ఉండదు.

మీకు పనిచేసే బ్రిడ్జ్ దొరికాక దాన్ని ఇక్కడ పెట్టొద్దు. దయచేసి. సాయం చేద్దామనే పెడతారు, తెలుసు, కానీ బహిరంగంగా పెట్టిన లైన్‌ని వెతికి బ్లాక్ జాబితాలోకి ఎక్కించే వాళ్లు ఉన్నారు, దాని మీదే ఆధారపడిన అవతలి పదిమంది రాత్రికి రాత్రి తెగిపోతారు. నమ్మకమున్న ఒకరిద్దరికి విడిగా ఇవ్వండి. సాయం చేయాలనుంటే, బ్లాకింగ్ లేని నెట్‌వర్క్ ఉన్న మీ స్నేహితుల చేత ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ పెట్టించండి. వాళ్ల దగ్గర నుంచి ట్రాఫిక్ నేరుగా ఏ వెబ్‌సైట్‌కీ వెళ్లదు, టోర్ బ్రిడ్జ్‌కే వెళ్తుంది, కాబట్టి ఎవరో చూసిన సైట్ తాలూకు ఫిర్యాదు వాళ్ల ఐపీ మీదికి రాదు. అలా పెట్టినవాళ్లే లేకపోతే స్నోఫ్లేక్ అనేదే లేదు.

ఇక మీ వరకు వరస ఇది: గడియారం, ప్రొవైడర్ ఫిల్టర్ సెట్టింగ్ చూడండి, బ్రౌజర్ అప్‌డేట్ చేయండి, ఈ రాత్రి స్నోఫ్లేక్ పెట్టి చూడండి, ఆలోగా మెయిల్‌లో ఓబీఎఫ్ఎస్4 అడిగి ఉంచండి, అది మొబైల్ డేటా మీద ఎక్కి ఇంట్లో ఎక్కకపోతే అప్పుడు వెబ్‌టన్నెల్. అదీ కుదరకపోతే లాగ్‌లో బూట్‌స్ట్రాప్డ్ అని ఉన్న లైన్లు, వాటి కింద వచ్చిన హెచ్చరికలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పెట్టే ముందు బ్రిడ్జ్ అడ్రస్‌లు, వేలిముద్రలు, మీ ఐపీ ఎక్కడ కనిపించినా అక్కడ తీసేయండి.